రాజు మీద దాడితో గెలిచిన ఆటను విశ్లేషించడం ఎలా: స్పాస్కీ, పెట్రోసియాన్, 1969

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకుంటూ చదరంగం నేర్చుకుంటున్న పిల్లలు ఆడటంలో ఎవరికీ తీసిపోరు. వారికి కొరవడుతున్నది గొప్ప ఆటగాళ్ల ఆటలను కూర్చుని విప్పి చూసే అలవాటు. చేతికి సులభంగా అందేవి ఫోన్‌లోని వీడియోలు. వాటిలో ఆఖరి బలి ఎత్తు (కావాలనే పావును వదులుకునే ఎత్తు) రాగానే గొంతు పెరుగుతుంది, తెర మీద ఆశ్చర్యార్థకాలు మెరుస్తాయి, ఆట అయిపోతుంది. చూసినందుకు సంతోషం మిగులుతుంది గాని, తమ సొంత ఆటలో అలాంటి అవకాశం వచ్చినప్పుడు దాన్ని పోల్చుకునే చూపు మాత్రం అలవడదు. అందువల్ల ఒకే ఒక ఆటను తీసుకుని, దాన్ని ఏ వరుసలో, ఏ ప్రశ్నలతో చదవాలో ఇక్కడ వివరిస్తున్నాను. విశ్లేషణ పొడుగునా మీరు ఒక్క విషయం మీదనే దృష్టి నిలపాలి: దాడి చేసినవాడు ఏమి చేశాడన్నది తర్వాతి సంగతి, ఎదుటి రాజుకు కాపలాగా ఉన్న పావుల్లో ఏది, ఎప్పుడు, ఎందుకు తప్పుకోవలసి వచ్చిందో ముందుగా తేల్చుకోవాలి.

ఆటను ఎంచుకోవడం

మొదటిసారి విశ్లేషించేవారు ముప్పై ఎత్తుల లోపు ముగిసిన ఆటనే తీసుకోవాలి. ఇద్దరి రాజులూ బల్లకు చెరో వైపు క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో కదిపి రాజును పక్కకు చేర్చడం) చేసుకున్న ఆట అయితే మరీ మంచిది. అలాంటి చోట ఎవరి దాడి ఎటు సాగాలో సందేహం ఉండదు, పైగా దాడి చేసేవారు తమ రాజు ముందున్న బంట్లను కదల్చకుండానే అవతలి వైపు బంట్లను ముందుకు తోయవచ్చు.

ఇక్కడ తీసుకున్నది 1969లో మాస్కోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలోని 19వ ఆట. తెల్ల పావులతో ఆడినవారు బోరిస్ స్పాస్కీ, నల్ల పావులతో ఆడినవారు అప్పటి ప్రపంచ చాంపియన్ టిగ్రాన్ పెట్రోసియాన్. వీరిద్దరూ 1966లోనూ ఇదే కిరీటం కోసం తలపడ్డారు. అప్పుడు పెట్రోసియాన్ 12½–11½ తేడాతో నిలబెట్టుకున్న కిరీటాన్ని 1969లో స్పాస్కీ 12½–10½ తేడాతో గెలుచుకుని పదో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఈ ఆటనే ఎంచుకోవడానికి అసలు కారణం పెట్రోసియాన్. ప్రమాదాన్ని ముందే పసిగట్టి తలుపులు మూసేయడంలో ఆయనకు సాటి వచ్చేవారు అరుదు. బలహీనుడి మీద సాగిన దాడిని చూసి నేర్చుకునేది తక్కువ. అంతటి రక్షకుడు 24 ఎత్తుల్లో ఓటమి ఒప్పుకున్నాడంటే కాపలా ఎక్కడ సడలిందో వెతికి తీరాలి.

ఆటను రాసుకుని, బల్ల మీద ఒకసారి ఆడటం

పావుల పేర్లు ఊరికొక విధంగా ఉంటాయి కనుక నా వాడకం ముందే చెబుతాను. మూలన ఉండి తిన్నగా నడిచేది ఏనుగు, ఏటవాలుగా నడిచేది శకటు, రాజు పక్కన ఉండేది మంత్రి. నిలువు వరుసలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. తెలుపు వైపు నుంచి అడ్డు వరుసలకు 1 నుంచి 8 వరకు అంకెలు. × గుర్తు కొట్టడాన్ని సూచిస్తుంది. పావు పేరు లేకుండా గడి పేరు మాత్రమే ఉంటే అది బంటు ఎత్తు. పోటీల్లో ఎత్తులు రాసేటప్పుడు పావుకు తమ దేశంలో వాడే పేరులోని మొదటి అక్షరాన్ని రాసుకునే వెసులుబాటును ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాలే ఇస్తున్నాయి కాబట్టి, మీ నోటు పుస్తకంలో మీకు అలవాటైన పేర్లే రాసుకోండి.

ఆట ఇది:

1. ఇ4, సి5; 2. గుర్రం ఎఫ్3, డి6, 3. డి4, సి×డి4, 4. గుర్రం×డి4, గుర్రం ఎఫ్6, 5. గుర్రం సి3, ఎ6, 6. శకటు జి5, బి గుర్రం డి7, 7. శకటు సి4, మంత్రి ఎ5, 8. మంత్రి డి2, హెచ్6; 9. శకటు×ఎఫ్6, గుర్రం×ఎఫ్6; 10. మంత్రి వైపు క్యాస్లింగ్, ఇ6, 11. హెచ్ ఏనుగు ఇ1, శకటు ఇ7, 12. ఎఫ్4, రాజు వైపు క్యాస్లింగ్; 13. శకటు బి3, ఏనుగు ఇ8, 14. రాజు బి1, శకటు ఎఫ్8, 15. జి4, గుర్రం×జి4, 16. మంత్రి జి2, గుర్రం ఎఫ్6, 17. ఏనుగు జి1, శకటు డి7; 18. ఎఫ్5, రాజు హెచ్8, 19. డి ఏనుగు ఎఫ్1, మంత్రి డి8, 20. ఎఫ్×ఇ6, ఎఫ్×ఇ6, 21. ఇ5, డి×ఇ5, 22. గుర్రం ఇ4, గుర్రం హెచ్5, 23. మంత్రి జి6, ఇ×డి4, 24. గుర్రం జి5. ఇక్కడ పెట్రోసియాన్ ఆట వదులుకున్నారు.

దీన్ని ఫోన్ తెర మీద కాకుండా నిజమైన బల్ల మీద, ఎక్కడా ఆగకుండా, ఒకసారి చివరి దాకా ఆడండి. ఈ మొదటి దఫాలో ఏ ఎత్తునూ మెచ్చుకోవద్దు, తప్పు పట్టవద్దు. అయస్కాంతపు బల్ల ఉంటే రైల్లోనూ ఈ పని సాగుతుంది. పోటీల కోసం రాయగడ నుంచి విశాఖపట్నం వెళ్లే పిల్లలు పార్వతీపురం దాటేలోపే ఈ భాగం ముగించవచ్చు. మొదటి పది ఎత్తులు సిసిలియన్ రక్షణలోని నైడార్ఫ్ పద్ధతికి చెందినవి. ఆ పద్ధతి లోతుల్లోకి ఇప్పుడే దిగితే దాడి దాకా చేరకుండానే రోజు గడిచిపోతుంది కాబట్టి వాటిని దాటిపోండి. రెండు సంగతులు మాత్రం గుర్తు పెట్టుకోండి. 8వ ఎత్తులో నలుపు హెచ్6 జరిపింది. దాంతో జి6 గడికి బంటు కాపలా ఎఫ్7 నుంచి మాత్రమే మిగిలింది. 9వ ఎత్తులో తెలుపు తన శకటును ఇచ్చి ఎఫ్6లోని గుర్రాన్ని కొట్టింది. డి7లోని రెండో గుర్రం ఆ చోటుకు వచ్చింది. అంటే ఎఫ్6లో నిలబడిన గుర్రానికి ఇక తోడుగా వచ్చే గుర్రం లేదు.

14వ ఎత్తు దగ్గర ఆపి లెక్క రాయడం

నలుపు 14వ ఎత్తుగా శకటును ఎఫ్8కి వెనక్కి తీసుకున్న తర్వాత బల్లను కదపకండి. విశ్లేషణలో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. కాగితం మీద నల్ల రాజు చుట్టూ ఉన్న గడుల పేర్లు ఒక్కొక్కటిగా రాసి, ఒక్కో గడిని ఎవరు కాస్తున్నారో దాని ఎదుట రాయండి.

జి7 బంటును రాజు, ఎఫ్8లోని శకటు కాస్తున్నాయి. హెచ్7 గడిని రాజు, ఎఫ్6 గుర్రం కాస్తున్నాయి. ఎఫ్7 బంటుకు ఉన్నది రాజు కాపలా ఒక్కటే. ఎఫ్6 గుర్రాన్ని జి7 బంటు కాస్తోంది. ఇవి కాక జి4, ఇ4, డి5, హెచ్5 గడుల మీద కూడా ఆ గుర్రం కన్ను ఉంది. నల్ల మంత్రి ఎ5లో, అంటే రాజుకు బాగా దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది; నిజానికి అక్కడి నుంచి అయిదో అడ్డు వరుస మీదుగా ఇ5 గడిని కాస్తోంది. ఈ మాట కాగితం మీద తప్పక రాసుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది. ఎ8 ఏనుగు, సి8 శకటు ఇంకా పుట్టిన చోటే ఉన్నాయి.

ఇప్పుడు కాగితాన్ని చూస్తే ఎఫ్6 గుర్రం పేరు ఎన్నిసార్లు వచ్చిందో మీకే తెలుస్తుంది. నాలుగు వాకిళ్ల ఇంటికి ఒకే కావలివాడు ఉన్నట్టుగా ఉంది నలుపు పరిస్థితి. ఇక మీదట తెలుపు వేసే ప్రతి ఎత్తునూ "ఇది ఎఫ్6 గుర్రాన్ని ఏమి చేస్తోంది?" అనే ప్రశ్నతోనే చదవండి.

తెలుపు వైపు లెక్క కూడా రాయాలి గాని అది క్లుప్తంగా చాలు: బి3 శకటు ఇ6, ఎఫ్7ల మీదుగా రాజు వైపు చూస్తోంది, నడి బల్లలో రెండు గుర్రాలు ఉన్నాయి, రెండు ఏనుగులూ నడి వరుసల్లో ఉన్నాయి, తెల్ల రాజు బి1లో భద్రంగా ఉంది. రాజును బి1కి జరిపిన 14వ ఎత్తు దాడిలో భాగం కాదనిపిస్తుంది. దాడి మొదలయ్యాక మధ్యలో వెనక్కి తిరిగి చూసుకోవలసిన పని లేకుండా ముందే సర్దుకోవడం అది.

కాగితం మూసి ఎత్తును ఊహించడం

15వ ఎత్తు నుంచి తెలుపు ఎత్తులను అట్టముక్కతో కప్పి, ఒక్కోదానికి ముందు మీ ఎత్తును, ఒక్క వాక్యంలో దాని కారణాన్ని రాసి, ఆ తర్వాతే అట్ట జరపండి. మీ ఎత్తు స్పాస్కీ ఎత్తుతో కలిసిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. కారణం రాయకుండా ఎత్తు రాయడం మాత్రం జూదమే. ఇద్దరు పిల్లలు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. వాదించుకుంటూ ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో కారణాలు చెప్పుకున్నా నష్టం లేదు.

15. జి4 ఎత్తులో తెలుపు ఎవరి కాపలా లేని బంటును గుర్రం నోటికి అందించింది. నలుపు కొట్టకుండా ఉంటే తెలుపు జి5 తోసి, హెచ్6 బంటును తగిలి వరుసలు తెరుస్తుంది. 8వ ఎత్తులో జరిపిన ఆ బంటే ఇప్పుడు తెలుపుకు పట్టు ఇస్తోంది. నలుపు కొట్టింది. 16. మంత్రి జి2 ఎత్తుతో తెల్ల మంత్రి జి4 గుర్రం మీద పడింది. గుర్రం ఎటు పోవాలి? ఇ5కి వస్తే ఎఫ్4 బంటు కొడుతుంది. ఇ3కి దూకితే మంత్రి మీద, డి1 ఏనుగు మీద ఒకేసారి పడుతుంది గాని ఇ1 ఏనుగు దాన్ని కొట్టేస్తుంది. ఈ రెండు ఎత్తులనూ మీ చేతులతో బల్ల మీద వేసి చూడండి. "ఎఫ్6కి తిరిగి వచ్చింది" అని చదివి దాటిపోయేవారికి అది ఎందుకు తిరిగి రావలసి వచ్చిందో ఎప్పటికీ తెలియదు. 17. ఏనుగు జి1తో మంత్రి, ఏనుగు ఒకే నిలువు వరుసలో నిలబడ్డాయి. ఒక బంటు ఖర్చుతో తెలుపుకు జి వరుస మొత్తం తెరుచుకుంది.

18. ఎఫ్5 తర్వాత నలుపు రాజును హెచ్8కి జరిపింది. కారణం మీరే చెప్పగలగాలి. రాజు జి8లో ఉన్నంతసేపు జి7 బంటు తెల్ల మంత్రి చూపు వల్ల కట్టుబడి ఉంటుంది. ఎఫ్6లో ఏదైనా కొట్టవలసి వచ్చినా కదలలేదు. రాజు తప్పుకుంటే కట్టు విడుతుంది. అయితే ఇక్కడొక సూక్ష్మం ఉంది. రాజు హెచ్8లో ఉండగా జి7 బంటు ఎఫ్6లో కొట్టిందంటే జి వరుస పూర్తిగా తెరుచుకుని, తెల్ల మంత్రి జి8కి వచ్చి, వెనుక జి1 ఏనుగు బలంతో మాత్ (రాజు తప్పించుకోలేని చెక్) చేస్తుంది. కట్టు విడిచినా బంటు చేతులు విడలేదన్న మాట. ఈ మాత్‌ను బల్ల మీద పెట్టి ఒకసారి కళ్లారా చూడండి. ఆటలో మిగిలినదంతా ఈ బొమ్మ చుట్టూ తిరుగుతుంది.

నలుపు కుర్చీలో కూర్చోవడం

19. డి ఏనుగు ఎఫ్1 దగ్గర మళ్లీ ఆపి, బల్లను తిప్పి, నలుపు వైపు కూర్చోండి. రాజు మీద దాడి ఆటలను దాడి చేసినవాడి వైపు నుంచి మాత్రమే చూడటం చాలామందికి ఉన్న అలవాటు, అది సగం చదువే. తెలుపు బెదిరింపు ఏమిటో ముందు రాయండి: 20. ఎఫ్×ఇ6, ఎఫ్×ఇ6, 21. ఏనుగు×ఎఫ్6, జి×ఎఫ్6, 22. మంత్రి జి8 మాత్. అంటే ఎఫ్6 గుర్రానికి జి7 బంటు కాపలా పేరుకే ఉంది, మరో కాపలా కావాలి.

పెట్రోసియాన్ మంత్రిని ఎ5 నుంచి డి8కి రప్పించారు. డి8 నుంచి ఏటవాలుగా ఎఫ్6కు కాపలా దొరికింది, బెదిరింపు తీరింది. చూడటానికి ఎంతో సహజమైన ఎత్తు. ఇప్పుడు 14వ ఎత్తు దగ్గర రాసిన కాగితం తీయండి. మంత్రి ఎ5లో ఉండగా ఏ గడిని కాస్తోంది? ఇ5ని. ఆ కాపలా ఈ క్షణంలో పోయింది. రెండు ఎత్తుల తర్వాత తెలుపు వేసినది ఇ5 అన్నది మీరు ఎదురుగా చూస్తున్నారు. ఆట మలుపు తిరిగింది ఇక్కడేనని నా అభిప్రాయం; ఆఖరి గుర్రం బలి దగ్గర కాదు.

ఇప్పుడు మీకొక పని. నల్ల మంత్రి డి8కి బదులు నేరుగా ఇ5కే వచ్చి ఉంటే ఎఫ్6కు కాపలా దొరికేది, ఇ4 బంటు ముందుకు రాకుండా అడ్డూ పడేది. ఒకే ఎత్తుతో రెండు పనులు. దానికి తెలుపు 20. గుర్రం ఎఫ్3 వేసి మంత్రిని తరుముతుంది. మంత్రి ఎటు పోవచ్చు, పోయిన చోట చిక్కుకుపోతుందా, తెలుపు ఆ తర్వాత దాడిని ఎలా కొనసాగించాలి? కనీసం మూడు దారులు, ఒక్కోటి నాలుగైదు ఎత్తుల లోతు వరకు రాయండి. జవాబు నేను ఇవ్వడం లేదు. ఈ వెతుకులాటే మీకు కావలసిన సాధన.

కావలివాడిని తరిమిన తీరు చదవడం

20వ ఎత్తులో బంట్లు మారి ఎఫ్ వరుస తెరుచుకుంది. 21. ఇ5 బంటు ఎఫ్6 గుర్రం మీద పడుతూనే, తాను నిలబడిన ఇ4 గడిని సి3 గుర్రం కోసం ఖాళీ చేసింది. నలుపు డి×ఇ5 అని కొట్టగా, 22. గుర్రం ఇ4. డి4లోని తెల్ల గుర్రం ఇప్పుడు ఇ5 బంటుకు ఎరగా నిలబడి ఉంది, దాన్ని స్పాస్కీ కాపాడలేదు. ఇక్కడ నలుపుకున్న మూడు దారులనూ విడివిడిగా చూడండి.

గుర్రంతో ఇ4 గుర్రాన్ని కొడితే ఎఫ్ వరుసలో అడ్డు తొలగిపోతుంది: 23. ఏనుగు×ఎఫ్8 చెక్, ఏనుగు×ఎఫ్8, 24. మంత్రి×జి7 మాత్. జి7ను కాస్తున్న శకటు పోయింది కదా. బంటుతో డి4 గుర్రాన్ని కొడితే 23. ఏనుగు×ఎఫ్6 వస్తుంది, జి7 బంటు తిరిగి కొడితే మంత్రి జి8 మాత్, మంత్రి కొడితే ఇ4 గుర్రం ఆ మంత్రిని కొట్టేస్తుంది. మిగిలింది గుర్రాన్ని తప్పించడం. పెట్రోసియాన్ దాన్ని హెచ్5కి పంపారు.

14వ ఎత్తు నాటి కాగితంలో హెచ్7 ఎదుట ఏమి రాశారో చూడండి: రాజు, ఎఫ్6 గుర్రం. గుర్రం వెళ్లిపోయింది కనుక ఇక రాజు ఒక్కటే. 23. మంత్రి జి6, హెచ్7 మీదికి గురి పెడుతూ హెచ్5 గుర్రం మీద కూడా పడింది. నలుపు డి4 గుర్రాన్ని కొట్టింది. 24. గుర్రం జి5.

ఆఖరి స్థితిని చేతితో రుజువు చేయడం

ఈ స్థితిలో తెలుపు ఒక శకటు, రెండు బంట్లు తక్కువగా ఉంది. జి5 గుర్రం కూడా హెచ్6 బంటు నోటి ముందే నిలబడింది. అయినా నలుపు ఆట వదులుకుంది. ఎందుకో మీ చేతితో నిరూపించనిదే ఈ దశ దాటవద్దు.

బెదిరింపు స్పష్టమే: మంత్రి హెచ్7 మాత్. దానితోపాటు గుర్రం ఎఫ్7కి దూకితే రాజుకు చెక్, మంత్రికి పోటు. నలుపు గుర్రాన్ని ఎఫ్6కి వెనక్కి తెచ్చి హెచ్7ను కాపాడినా, 25. గుర్రం ఎఫ్7 చెక్‌తో మంత్రి పోతుంది. నల్ల మంత్రే జి5 గుర్రాన్ని కొడితే? చాలామంది పిల్లలు ఈ ఎత్తును చూడనే చూడరు, ఎందుకంటే పుస్తకాల్లో సాధారణంగా బంటుతో కొట్టే దారినే ఇస్తారు. డి8 నుంచి జి5 దాకా దారి ఖాళీగా ఉంది కనుక అది చెల్లే ఎత్తే. అప్పుడు తెల్ల మంత్రితో తిరిగి కొట్టకూడదు, హెచ్6 బంటు దాన్ని కొట్టేస్తుంది. 25. ఏనుగు×జి5 సరైనది, నలుపు హెచ్×జి5 అంటే 26. మంత్రి×హెచ్5 చెక్, నలుపు మంత్రిని పోగొట్టుకుని రాజుతో పరుగు తీస్తుంది.

ఇక ప్రధాన దారి: 24. … హెచ్×జి5, 25. మంత్రి×హెచ్5 చెక్, రాజు జి8, 26. మంత్రి ఎఫ్7 చెక్. రాజు హెచ్7కో హెచ్8కో పోవాలి. ఇప్పుడు 27. ఏనుగు ఎఫ్3, తర్వాత హెచ్3కి వచ్చి మాత్. చెక్ కాని ఈ నిదానమైన ఎత్తు దగ్గరే లెక్క తప్పుతుంది. చెక్‌లు వరుసగా ఇచ్చేయాలన్న తొందర ఉన్నవారికి ఇది తట్టదు. నలుపు జి4 జరిపి హెచ్3ను అడ్డుకుంటే జి1 ఏనుగు ఆ బంటును కొడుతుంది, బెదిరింపు అలాగే నిలుస్తుంది.

ఇంతలో చురుకైన విద్యార్థి ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా: నలుపు 27వ ఎత్తుగా ఇ6 బంటును ఇ5కి జరిపితే డి7 శకటుకు దారి తెరుచుకుని హెచ్3 గడిని కాపాడుతుంది కదా? నిజమే, కానీ అదే ఎత్తు బి3లోని తెల్ల శకటుకు కూడా దారి తెరుస్తుంది. రాజు హెచ్8లో ఉంటే 28. మంత్రి జి8 మాత్, వెనుక శకటు బలం ఉంది. రాజు హెచ్7లో ఉంటే 28. మంత్రి హెచ్5 మాత్. ఇంతకుముందు ఇదే చెక్‌కు జి8లోకి తప్పుకున్న రాజుకు ఇప్పుడు ఆ గడిని శకటు మూసేసింది. 13వ ఎత్తులో బి3కి వెళ్లి కూర్చుని, ఆ తర్వాత ఒక్కసారీ కదలని శకటు ఇక్కడ మాత్ చేయిస్తోంది. ఇలాంటివి సొంతంగా దొరికినప్పుడు పక్కన గీత గీసి పెట్టుకోండి.

అప్పుడు మాత్రమే ఇంజిన్‌ను తెరవడం

ఇంతవరకు వచ్చాక లిచెస్ అనే చదరంగం వెబ్‌సైట్‌లోనో మరోచోటనో ఆటను ఎక్కించి, ఎత్తులను లెక్కగట్టే ప్రోగ్రాం అయిన స్టాక్‌ఫిష్ ఇంజిన్‌ను నడపండి. రెండూ ఉచితమే. కొండ ప్రాంతాల్లో సిగ్నల్ అందని ఊళ్లవారు స్టాక్‌ఫిష్‌ను ముందే దించుకున్న యాప్‌తో నెట్ లేకుండానే ఈ పని చేసుకోవచ్చు. ఒకే దారిని కాకుండా మూడు దారులను చూపేలా సర్దుకుని, మీరు ఆపిన స్థితుల దగ్గర, అంటే 14, 19, 22, 24 ఎత్తుల దగ్గర మాత్రమే అడగండి. ఆట మొదటి నుంచి చివరి దాకా బాణం గుర్తుల వెంట పరుగు తీస్తే నేర్చుకున్నది ఏమీ ఉండదు.

ఇంజిన్ చెప్పిన ఎత్తు మీ కాగితంలో లేకపోతే దాన్ని వెంటనే ఒప్పుకోకండి. మీ ఎత్తును దాని మీద ఆడి, అది ఎలా తిప్పికొడుతుందో చూసి, ఆ కారణాన్ని మీ మాటల్లో రాయండి. 21వ ఎత్తులో ఇ5 బంటును కొట్టకుండా గుర్రాన్ని అప్పుడే హెచ్5కి పంపి ఉంటే ఏమయ్యేదన్నది దాన్ని అడగదగిన మంచి ప్రశ్న. ఒక హెచ్చరిక కూడా చేస్తాను: 15. జి4 వంటి ఎత్తుకు ఇంజిన్ ఇచ్చే అంకె చూసి ఆ ఎత్తు గొప్పదనో కాదనో తీర్పు ఇవ్వకండి. ఎదుట గడియారం పెట్టుకుని, ప్రపంచ కిరీటం కోసం ఆడుతున్న మనిషికి ఆ ఎత్తు ఎలాంటి చిక్కులు తెచ్చిపెట్టిందో అంకెలో కనిపించదు.

రాసుకోవడం, మళ్లీ ఆడటం

నోటు పుస్తకంలో ఈ ఆటకు ఒక పేజీ మించవద్దు. 14వ ఎత్తు నాటి స్థితి బొమ్మ, ఎఫ్6 గుర్రం ప్రయాణం, 19వ ఎత్తు దగ్గర పోయిన కాపలా, మీరు వెతికిన దారుల్లో తప్పినవి, ఇవి చాలు. తర్వాత ఒక స్నేహితుడితో 14వ ఎత్తు తర్వాతి స్థితి నుంచి పదిహేను నిమిషాల గడియారంతో రెండు ఆటలు ఆడండి, ఒకసారి తెలుపుతో, ఒకసారి నలుపుతో. నలుపుతో ఆడేటప్పుడు 15. జి4ను కొట్టకుండా నిలబడగలరేమో ప్రయత్నించండి.

వారం తర్వాత రెండో ఆటకు వెళ్లవచ్చు. దాడి నలుపు వైపు నుంచి సాగిన ఆటను తీసుకుంటే చూపు మారుతుంది. 2013లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ పోటీలో లెవోన్ అరోనియన్ మీద విశ్వనాథన్ ఆనంద్ నల్ల పావులతో 23 ఎత్తుల్లో గెలిచిన ఆట ఇందుకు సరిపోతుంది. దాన్ని ముగించాక 1907లో లాడ్జ్ నగరంలో రోట్లెవీ మీద రూబిన్‌స్టీన్ గెలిచిన ఆటను పక్కన పెట్టుకుని చూడండి. రెండింటిలోనూ నల్ల శకటుల జంట తెల్ల రాజు మీదికి ఏ ఏటవాలు దారుల్లో చూస్తోందో ముందుగా గీసుకుని, ఆ దారులకు అడ్డంగా నిలబడవలసిన తెల్ల పావులు ఆ సమయంలో ఎక్కడున్నాయో ఒక్కొక్కటిగా రాయడంతో పని మొదలుపెట్టండి.